లిథియం బ్యాటరీలో ఇనుము: కాథోడ్ పదార్థం మెరుగుపడిన తీరు

లిథియం అయాన్ బ్యాటరీని చార్జి చేసేటప్పుడు లిథియాన్ని వదిలి, వాడేటప్పుడు తిరిగి తీసుకునే పదార్థం కాథోడ్. చూడటానికి ఇది నల్లటి పొడి. అల్యూమినియం రేకు మీద పూతగా పూసి, ఆరబెట్టి, రోలర్ల మధ్య నొక్కి సెల్‌లో పెడతారు. సెల్ ఎంత వోల్టేజి ఇస్తుంది, ఎంత కరెంటు దాస్తుంది, ఎన్నేళ్లు మన్నుతుంది, ఎంత ఖరీదు పడుతుంది అన్నవి చాలావరకు ఈ పొడి మీదే ఆధారపడతాయి. 1991లో సోనీ సంస్థ అమ్మకానికి తెచ్చిన తొలి లిథియం అయాన్ సెల్‌లో ఈ స్థానంలో కోబాల్టు ఆక్సైడు ఉండేది. తరవాత నికెల్, మాంగనీసు వచ్చి చేరాయి. భూమ్మీద ఎక్కడ తవ్వినా దొరికే ఇనుముకు చోటు దక్కింది అందరికంటే చివర్లో. అయినా 2024 నాటికి ప్రపంచంలోని విద్యుత్ వాహనాల బ్యాటరీల సామర్థ్యంలో దాదాపు సగం ఇనుప కాథోడ్లదే అయింది. ఆ కాథోడ్ పేరు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వాడుకలో ఎల్‌ఎఫ్‌పీ అంటారు.

ఈ పదార్థం గురించి చెప్పేటప్పుడు బరువుకు తగినంత శక్తి దాచదనీ, చలిలో మందగిస్తుందనీ రెండు లోపాలు ముందు పెట్టడం పరిపాటి. చలి దేశంలో కారు నడిపేవారికి అవి పెద్ద లోపాలే. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. ఇక్కడ వేసవిలో పాదరసం 44, 45 డిగ్రీలు చూపడం కొత్త కాదు. పగలంతా ఎండ, దాన్ని కరెంటుగా మార్చే పలకలు కావలసినన్ని ఉన్నాయి. సాయంత్రానికి దాచుకోవడమే అసలు పని. కదలకుండా ఒకచోట కూర్చునే బ్యాటరీకి బరువుతో పనేముంది? ఎండకు తట్టుకోవడం, ఎక్కువ ఏళ్లు మన్నడం, చవగ్గా రావడం కావాలి. ఇనుప కాథోడ్‌ను ఇకపై ఏ దిశలో మెరుగుపరచాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతం ఇచ్చే జవాబు అదే. ఈ వ్యాసం ఆ దృష్టితోనే సాగుతుంది.

పుట్టుక

అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేస్తున్న అక్షయ పాఢి, కె. ఎస్. నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయ పరిశోధకుల చేతుల మీదుగా ఈ పదార్థం బ్యాటరీ రంగంలోకి వచ్చింది. 1996లో ప్రకటించారు, 1997లో పత్రం అచ్చయింది. దానికి పునాది మరో భారతీయుడు వేశాడు. తమిళనాడు నుంచి వెళ్లిన అరుముగం మంతిరాం 1980ల చివర్లో గుడెనఫ్‌తో కలిసి ఇనుప సల్ఫేటు వంటి లవణాలను పరీక్షించి, వాటిలో ఇనుము ఇచ్చే వోల్టేజి ఆక్సైడులో కంటే చాలా ఎక్కువని చూపాడు. 2019లో గుడెనఫ్‌కు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చేసింది ఈ మంతిరామే.

వోల్టేజి పెరగడానికి కారణం ఇది. ఆక్సైడులో ఇనుము పక్కన ఉన్న ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను ఇనుము వైపు ధారాళంగా పంచుతుంది. ఫాస్ఫేటులో అదే ఆక్సిజన్‌ను అవతలి పక్క నుంచి భాస్వరం గట్టిగా లాగి పట్టుకుంటుంది. అందువల్ల ఇనుముకు ఆక్సిజన్‌తో ఉన్న బంధం సడలుతుంది. ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారే శక్తిస్థాయి కిందికి దిగి, లిథియం లోహంతో పోల్చితే 3.4 వోల్టుల చుట్టూ నిలుస్తుంది. ఆ గట్టి పట్టే ఇంకో మేలు కూడా చేస్తుంది. సెల్ వేడెక్కినా ఫాస్ఫేటులోని ఆక్సిజన్ సులువుగా ఊడిరాదు. నికెల్, కోబాల్టు ఆక్సైడులు పూర్తి చార్జిలో వేడెక్కితే ఆక్సిజన్ వదులుతాయి. లోపలున్న మండే ద్రవానికి అదే ఆజ్యం. ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లో ఆ ఆజ్యం లేదు.

ఆదర్శ పరిస్థితిలో గ్రాము ఎల్‌ఎఫ్‌పీ 170 మిల్లీఆంపియర్ అవర్లు దాచాలి. ఆస్టిన్‌లో తొలిసారి, అదీ చాలా నెమ్మదిగా వాడినప్పుడు, వచ్చింది 100, 110 మాత్రమే. వేగం పెంచితే ఇంకా పడిపోయింది. ఈ పదార్థం తక్కువ వేగంతో నడిచే పనులకే సరిపోతుందని ఆ తొలి పత్రంలోనే రాశారు. ఆ మాటను తప్పని నిరూపించడమే తరవాతి పాతికేళ్ల పరిశోధన.

రెండు అడ్డంకులు

మొదటిది కరెంటుకు. ఎల్‌ఎఫ్‌పీ దాదాపు విద్యుత్ నిరోధకం. దాని వాహకత సెంటీమీటరుకు నూరు కోట్ల వంతు సీమెన్స్ స్థాయిలో ఉంటుంది. కోబాల్టు ఆక్సైడు దీనికంటే కొన్ని లక్షల రెట్లు మెరుగు. లిథియం బయటికి వెళ్లాలంటే వెంట ఒక ఎలక్ట్రాన్ కూడా కదలాలి. ఎలక్ట్రాన్‌కు దారి లేకపోతే లిథియం కూడా ఉన్నచోటే ఉండిపోతుంది.

రెండోది లిథియానికి. ఆలివిన్ అనే ఈ స్ఫటిక నిర్మాణంలో లిథియం అన్ని దిక్కులకూ పోలేదు. ఒకే దిశలో సాగే సన్నటి సొరంగాల్లోంచి నడవాలి. 2004లో గెర్‌బ్రాండ్ సీడర్ బృందం కంప్యూటర్ లెక్కలతో ఈ సంగతి చెప్పింది. 2008లో జపాన్‌లో అట్సువో యమదా బృందం న్యూట్రాన్ కిరణాలతో కళ్లకు కట్టినట్టు చూపింది. ఊళ్లో బండి పట్టేంత సందులో ఎదురుగా మరో బండి ఆగితే వెనక ఉన్నవన్నీ ఆగిపోయినట్టే, సొరంగంలో లిథియం ఉండాల్సిన చోట ఒక ఇనుప అయాన్ చేరితే ఆ దారి మొత్తం మూతపడుతుంది. దీన్ని స్థానభ్రంశ లోపం అంటారు. మెరుగుదల చరిత్రలో సగం ఈ లోపాన్ని తగ్గించే ప్రయత్నాలే.

కర్బన పూత

ఎలక్ట్రాన్ సమస్యకు పరిష్కారం ఆశ్చర్యపోయేంత తేలికగా దొరికింది. 1999లో కెనడాలో నతాలీ రవే, మిషెల్ అర్మాన్, హైడ్రో-క్యూబెక్ సంస్థ పరిశోధకులు కలిసి ఎల్‌ఎఫ్‌పీ రేణువులకు కర్బన పూత పూశారు. ముడిపదార్థాల్లో చక్కెర వంటి సేంద్రియ పదార్థం కలిపి, గాలి తగలని కొలిమిలో 650 నుంచి 750 డిగ్రీల దాకా కాలిస్తే చక్కెర మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు కొన్ని నానోమీటర్ల మందంతో ప్రతి రేణువునూ చుట్టుకుంటుంది. పూత మూడు పనులు చేస్తుంది. ఎలక్ట్రాన్లకు దారి ఇస్తుంది, కాలేటప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవి కాకుండా ఆపుతుంది, ఇనుము ఆక్సీకరణ చెంది తుప్పు దారి పట్టకుండా కాపాడుతుంది. మొత్తం పొడిలో కర్బనం 1 నుంచి 3 శాతం ఉంటే చాలు. అంతకు మించితే నష్టం, ఎందుకంటే కర్బనం లిథియాన్ని దాచదు, తేలికైనది కనుక చోటు మాత్రం తింటుంది.

లిథియం సమస్యకు పరిష్కారం రేణువును చిన్నది చేయడం. విసరణకు పట్టే కాలం దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. రేణువు పరిమాణం పదో వంతు అయితే లిథియం బయటపడే కాలం నూరో వంతు అవుతుంది. 2001లో సోనీలో పనిచేస్తున్న యమదా తక్కువ వేడిలో కాల్చి చిన్న రేణువులు సాధించాడు. అదే ఏడు కెనడాలోని వాటర్లూలో లిండా నాజర్ బృందం రెండు మార్గాలనూ కలిపింది. చిన్న రేణువు, చుట్టూ కర్బన జాలం. సైద్ధాంతిక సామర్థ్యంలో 90 శాతం దాకా అందింది. నేటి పరిశ్రమ ఇప్పటికీ ఈ పునాది మీదే నిలబడి ఉంది.

ఒక పెద్ద వివాదం

2002లో ఎంఐటీలో యెట్-మింగ్ చియాంగ్ బృందం సంచలన ఫలితం ప్రకటించింది. నియోబియం, జిర్కోనియం వంటి లోహాలను పిసరంత కలిపితే ఎల్‌ఎఫ్‌పీ వాహకత పది కోట్ల రెట్లు పెరిగిందని చెప్పారు. పరాయి లోహం స్ఫటికం లోపలికి చేరి పదార్థ స్వభావాన్నే మార్చిందన్నది వారి వాదన. చియాంగ్ సహస్థాపకుడిగా 2001లో మొదలైన ఏ123 సిస్టమ్స్ ఈ రకం సెళ్లను విద్యుత్ పనిముట్లలోకి, తరవాత కార్లలోకి తెచ్చింది.

2004లో నాజర్ బృందం వేరే వివరణ ఇచ్చింది. ఆ పత్రం తొలి రచయిత సుబ్రహ్మణ్య హెర్లె కూడా భారతీయుడే. ఎక్కువ వేడి దగ్గర కర్బనం ఫాస్ఫేటును కొంత క్షయీకరించి, రేణువుల అంచుల్లో లోహంలా కరెంటు పంపే ఇనుప ఫాస్ఫైడు పొరలను పుట్టిస్తుందనీ, వాహకత పెరిగింది వాటి వల్లేననీ వారు చూపారు. పరాయి లోహం కలపని నమూనాల్లో కూడా అదే పెరుగుదల కనిపించింది. మరుసటి ఏడాది సైఫుల్ ఇస్లాం బృందం లెక్కలు కూడా అధిక వేలెన్సీ లోహాలు ఆ స్ఫటికంలో ఇమడటానికి శక్తిరీత్యా అనుకూలత తక్కువని చెప్పాయి.

బ్యాటరీ పరిశోధన చదివే విద్యార్థులకు ఈ వివాదాన్ని తప్పక చెప్పాలి. రెండు బృందాల కొలతలూ నిజమే, సెళ్లు కూడా బాగా పనిచేశాయి. తేడా వచ్చింది కారణం దగ్గర. కారణం సరిగ్గా తెలియడం వల్లే తరవాతి తరం ఖరీదైన లోహాల వెంట పడకుండా రేణువు ఉపరితలం మీద దృష్టి పెట్టగలిగింది. పరిశ్రమలో ఇప్పటికీ టైటానియం, వనాడియం వంటివి కొద్దిగా కలుపుతారు. వాటిని రేణువు ఆకారాన్ని, లోపాలను అదుపు చేసే సాధనాలుగా చూడటం మేలు.

తిరుపతి పాయ

ఎల్‌ఎఫ్‌పీ మరో విచిత్రం చూపుతుంది. చాలా కాథోడ్లలో లిథియం బయటికి పోతున్న కొద్దీ వోల్టేజి మెల్లగా మారుతుంది. ఇందులో మాత్రం లిథియం నిండిన దశ, లిథియం లేని ఫెర్రిక్ ఫాస్ఫేటు దశ అని రెండే ఉంటాయి. ఒకటి తరుగుతూ ఇంకొకటి పెరుగుతుంది. అందుకే వోల్టేజి గీత బల్లపరుపుగా సాగుతుంది. రెండు దశల ఘనపరిమాణాల మధ్య సుమారు 7 శాతం తేడా ఉన్నా స్ఫటికం చెదరదు. నిరోధకంలాంటి ఈ పదార్థం వేగంగా ఎలా పనిచేస్తోందని చాలాకాలం తల పట్టుకున్నారు. 2008లో ఫ్రాన్స్‌లో క్లాడ్ దెల్మా బృందం, చిన్న రేణువుల్లో మార్పు ఒక అంచున మొదలై ఒక్క ఊపున రెండో అంచుకు పాకుతుందని ప్రతిపాదించింది. అంటే ఏ క్షణంలో చూసినా రేణువుల్లో కొన్ని నిండుగా, కొన్ని ఖాళీగా ఉంటాయి. సగం సగం ఉండేవి అరుదు.

ఈ లిథియం రాకపోకల మీద 2009లో వచ్చిన ఒక ముఖ్యమైన పత్రానికి తొలి రచయిత సి. వి. రమణ. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, తరవాత అమెరికాలోని ఎల్‌పాసోలో ఆచార్యుడైనవారు. ఆయనతో కలిసి రాసినవారిలో పారిస్‌కు చెందిన క్రిస్తియాన్ జూలియన్, హైడ్రో-క్యూబెక్‌కు చెందిన కరీం జాగీబ్ ఉన్నారు. తిరుపతిలో ఓ. ఎం. హుస్సేన్ బృందం పలుచటి పొరల రూపంలో కాథోడ్ పదార్థాలను తయారుచేసి పరీక్షిస్తూ జూలియన్‌తో కలిసి పనిచేసింది. రాయలసీమకు ఈ శాస్త్రంతో బంధం ఏర్పడింది ఈ దారిలో. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో బి. వి. ఆర్. చౌదరి, జి. వి. సుబ్బారావు, ఎం. వి. రెడ్డి కలిసి చేసిన పని బ్యాటరీ పదార్థాల మీద తెలుగువారి మరో పెద్ద పాయ. వారు 2013లో రాసిన సమీక్ష అవతలి ధ్రువమైన ఆనోడ్ ఆక్సైడుల గురించి.

జూలియన్ బృందం చేసిన ఇంకో మేలు స్వచ్ఛత పరీక్ష. ఎల్‌ఎఫ్‌పీలో ఫెర్రిక్ ఆక్సైడు, ఇనుప ఫాస్ఫైడు వంటి మలినాలు నానో పరిమాణంలో ఉంటే ఎక్స్-కిరణాలకు దొరకవు. అయస్కాంత కొలతకు దొరికిపోతాయి. ఇనుము కాబట్టే ఆ సౌలభ్యం. ఈ పరీక్షలు వచ్చాక పొడి నాణ్యతను లెక్కగా చెప్పడం కుదిరింది.

పొడి కొట్టే విద్య: హైదరాబాద్

ఎల్‌ఎఫ్‌పీ తయారీలో రెండు ప్రధాన మార్గాలున్నాయి. నీటిలో చేసే పద్ధతిలో లిథియం హైడ్రాక్సైడు, ఫెర్రస్ సల్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి మూసిన పాత్రలో ఒత్తిడి కింద వేడి చేస్తారు. 2001లో అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో స్టాన్లీ విట్టింగ్‌హామ్ బృందం మొదలుపెట్టిన ఈ మార్గంలో 120 డిగ్రీల దగ్గర చేస్తే సొరంగాల్లో ఇనుము ఇరుక్కుపోతుందని తేలింది. వేడి పెంచితే లోపం తగ్గుతుంది. రెండోది పొడి పద్ధతి. లిథియం కార్బొనేటు, ఇనుప ఫాస్ఫేటు, చక్కెర కలిపి మెత్తగా నూరి, నత్రజని వాతావరణంలో కాలుస్తారు. ఖర్చు తక్కువ, నీటి కాలుష్యం తక్కువ. నూరడం మీదే నాణ్యతంతా ఆధారపడుతుంది.

నూరడమంటే హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి తెలిసిన విద్య. పొడి లోహశాస్త్రం కోసమే పుట్టిన ఈ కేంద్రం, కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం కింద స్వయంప్రతిపత్తితో నడుస్తుంది. కవచాలు, కటింగ్ పనిముట్లు, నానో పొడుల కోసం సంపాదించిన అనుభవాన్ని అక్కడి శాస్త్రవేత్తలు కాథోడ్ వైపు మళ్లించారు. అధికశక్తి మరలో ముడిపదార్థాలను కర్బన మూలంతో కలిపి నూరి, ఒకే కాల్పులో ఎల్‌ఎఫ్‌పీ ఏర్పడటం, దాని మీద కర్బన పూత పడటం రెండూ జరిగేలా పద్ధతి రూపొందించారు. చెన్నైలోని ఏఆర్‌సీఐ అనుబంధ కేంద్రంలో సెళ్ల తయారీ, పరీక్ష సాగాయి. హైదరాబాద్‌కు చెందిన ఆల్ట్‌మిన్ సంస్థ ఈ పరిజ్ఞానం తీసుకుని కాథోడ్ పొడి తయారీకి పూనుకుంది.

పది గ్రాముల పొడిని బాగా చేయగలిగినవారు దేశంలో చాలామంది ఉన్నారు. కర్బన పూత, రేణువు పరిమాణం, తేమ అన్నీ ప్రతి బస్తాలో ఒకేలా ఉండేట్టు టన్నుల లెక్కన చేయడం వేరే విద్య. కొలిమిలో మధ్యనున్న పొడికీ అంచున ఉన్న పొడికీ పదిపదిహేను డిగ్రీల తేడా వచ్చినా పూత మారిపోతుంది. మన విశ్వవిద్యాలయాల్లో పత్రాలు పండినంతగా ఈ రెండో విద్య పెరగలేదు. ఏఆర్‌సీఐ పనికి నేను ఎక్కువ విలువ ఇచ్చేది అందుకే.

బిగువు, బరువు, మాంగనీసు

రేణువు చిన్నదైతే వేగం వస్తుంది, బిగువు పోతుంది. నానో పొడిని ఎంత నొక్కినా మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఎల్‌ఎఫ్‌పీ అసలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.6 గ్రాములు. రేకు మీద నొక్కాక పాత తరం పొడులు 2.2, 2.3 దగ్గర ఆగేవి. పెద్ద రేణువులు, చిన్న రేణువులు తగు పాళ్లలో కలిపి, రెండుసార్లు కాల్చి, చైనా తయారీదారులు దీన్ని 2.5 పైకి తెచ్చారు. అదే పెట్టెలో ఎక్కువ శక్తి ఇమడటానికి ఇది ఒక కారణం. 2020లో బీవైడీ తెచ్చిన పొడవాటి పలక సెల్ ఇంకో దారి పట్టింది. పదార్థం మార్చకుండా, సెళ్ల మధ్య పెట్టెలు తీసేసి చోటు మిగిల్చింది.

వోల్టేజి పెంచాలంటే ఇనుములో కొంత భాగాన్ని మాంగనీసుతో మార్చాలి. మాంగనీసు అదే ఫాస్ఫేటులో 4.1 వోల్టులిస్తుంది. రెండూ కలిసిన పదార్థం కాగితం మీద 15 నుంచి 20 శాతం ఎక్కువ శక్తి దాస్తుంది. చిక్కులూ ఉన్నాయి. మాంగనీసు ఫాస్ఫేటు వాహకత ఇనుప ఫాస్ఫేటు కంటే హీనం. చార్జి అయినప్పుడు మాంగనీసు చుట్టూ స్ఫటికం వంకర తిరుగుతుంది. వేడిలో మాంగనీసు ద్రవంలోకి కరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో మాంగనీసు గనులు ఎప్పటినుంచో ఉన్నాయి కనుక ఈ మార్గం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కరిగే గుణాన్ని అదుపు చేయనంతవరకు ఎండ ప్రాంతపు నిల్వకు దీన్ని నేను సిఫారసు చేయను.

ఇనుముతో ఇతర కాథోడ్లూ ప్రయత్నించారు. 2005లో సిలికేటు, 2010లో తారాస్కాన్ బృందం ఫ్లోరోసల్ఫేటు, అదే ఏడు జపాన్‌లో పైరోఫాస్ఫేటు వచ్చాయి. ఇప్పుడు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్న ప్రబీర్ బర్పండా ఫ్లోరోసల్ఫేటును 3.9 వోల్టులకు చేర్చిన పనిలోనూ, 2014లో సోడియం ఇనుప సల్ఫేటు 3.8 వోల్టులు ఇస్తుందని చూపిన పనిలోనూ ముఖ్యుడు. సల్ఫేట్లకు తేమ అంటే గిట్టదు. సిలికేట్లు నెమ్మది. ఇవేవీ ఎల్‌ఎఫ్‌పీని కదిలించలేకపోయాయి.

ఎండ, నంద్యాల

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో గడివేముల మండలం గని గ్రామం, పక్కనే కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం శకునాల భూముల్లో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. పాణ్యం మండలం పిన్నాపురంలో నీటిని పగలు కొండమీది జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు దించి 1,680 మెగావాట్లు పుట్టించే గ్రీన్‌కో ప్రాజెక్టు ఉంది. పెద్ద మొత్తంలో, గంటల తరబడి నిల్వకు నీరే మేలు. ఆళ్లగడ్డ వైపు ఒక సబ్‌స్టేషన్ దగ్గర సాయంత్రం రెండు గంటల లోటు పూడ్చడానికి, మేఘం అడ్డొచ్చి సౌర విద్యుత్తు క్షణాల్లో పడిపోతే నిలబెట్టడానికి బ్యాటరీ కావాలి. బోర్లకు పగలే కరెంటు ఇస్తున్నారు కనుక పొలాల భారం ఎండతో సరిపోతుంది. ఇళ్ల భారం, దుకాణాల భారం పొద్దుగూకాక మొదలవుతుంది.

ఇంటి స్థాయిలో కూడా ఎల్‌ఎఫ్‌పీకి ఒక కలిసొచ్చే గుణం ఉంది. దాని సెల్ నామమాత్రపు వోల్టేజి 3.2. నాలుగు సెళ్లు వరసగా కలిపితే 12.8 వోల్టులు, అంటే ఇన్వర్టరులోని సీసపు బ్యాటరీకి దాదాపు సరిజోడు. డిస్టిల్డ్ వాటర్ పోయనక్కర్లేదు. రోజుకొకసారి పూర్తిగా వాడినా, 3000 సార్లు తట్టుకునే మంచి సెల్ ఎనిమిదేళ్లు వస్తుంది.

అయితే ఆ లెక్క సాధారణంగా 25 డిగ్రీల గదిలో వేసిన లెక్క. ఆళ్లగడ్డలో రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాహ్నం ఉండే వేడి వేరు. 2005లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో ఖలీల్ అమీన్ బృందం ఎల్‌ఎఫ్‌పీ కాథోడ్, గ్రాఫైట్ ఆనోడ్ ఉన్న సెళ్లను 37, 55 డిగ్రీల దగ్గర పరీక్షించి సామర్థ్యం త్వరగా పడిపోవడం గమనించింది. ద్రవంలోని లిథియం లవణం పిసరంత తేమ తగిలినా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. అది కాథోడ్ నుంచి ఇనుమును కరిగిస్తుంది. ఆ ఇనుము అవతలి ధ్రువం మీద చేరి అక్కడి రక్షణ పొరను పాడు చేస్తుంది. పొర మళ్లీ కట్టుకోవడానికి లిథియం ఖర్చవుతుంది. కాబట్టి ఎండలో ఎల్‌ఎఫ్‌పీ సామర్థ్యం కోల్పోవడానికి దాని స్ఫటికం కూలడం కారణం కాదు. తేమ, మలినం, ఉపరితలం కారణాలు. ఈ మూడింటినీ అదుపు చేయవచ్చు. పొడిని తేమ తగలకుండా ఆరబెట్టడం, పూతలో చిల్లులు లేకుండా చూడటం, ఆమ్లం పుట్టించని లవణాలు వాడటం ఆ మార్గాలు. ఇటీవలి సెళ్లు 2005 నాటి సెళ్ల కంటే ఎంతో మెరుగయ్యాయి. అయినా ఈ ప్రాంతానికి బ్యాటరీ కొనే సంస్థలు 45 డిగ్రీల దగ్గర ఆయుష్షు ఎంతో చూపమని టెండరులోనే అడగాలని నా అభిప్రాయం.

భద్రత సంగతీ ఇక్కడే చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. దేశమంతా ఇలాంటి ప్రమాదాలు జరగడంతో కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టరు టాటా నరసింగరావు అధ్యక్షుడు. ఆ సంఘం సూచనలతో కఠినమైన బ్యాటరీ పరీక్షలు 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. ఎల్‌ఎఫ్‌పీ ఆక్సిజన్ వదలదు కనుక మంట తీవ్రత తక్కువ. అయితే ఏ లిథియం సెల్‌లోనైనా మండే ద్రవం ఉంటుంది. దెబ్బతిన్న ఎల్‌ఎఫ్‌పీ సెల్ కూడా మండే వాయువులను వెలువరిస్తుంది. దీన్ని అగ్గి అంటని బ్యాటరీగా ప్రచారం చేయడం ప్రమాదకరం. బల్లపరుపు వోల్టేజి వల్ల మిగిలిన చార్జిని వోల్టేజి చూసి చెప్పడం కష్టం కనుక, సెళ్లను కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు నాణ్యత మీద రాజీ పడకూడదు.

ముడిసరుకు లెక్క

ఎల్‌ఎఫ్‌పీ బరువులో ఇనుము 35 శాతం, భాస్వరం దాదాపు 20, లిథియం 4.4 శాతం. మిగిలింది ఆక్సిజన్. ఒక యూనిట్ కరెంటు దాచడానికి సుమారు 2 కిలోల పొడి కావాలి. అంటే 700 గ్రాముల ఇనుము, 90 గ్రాముల లిథియం. ఇప్పుడు వస్తున్న 5 మెగావాట్-అవర్ల నిల్వ కంటెయినరు ఒక్కోదానిలో 10 టన్నుల కాథోడ్ పొడి ఉంటుందన్నమాట.

ఇనుము కరువు కాదు, ఇనుప లవణం స్వచ్ఛంగా దొరకడం ముఖ్యం. తెల్లరంగు టైటానియం డయాక్సైడు పరిశ్రమ ఉప ఉత్పత్తిగా ఫెర్రస్ సల్ఫేటు కుప్పలుగా మిగులుస్తుంది. చైనాలో దాన్నే శుద్ధి చేసి బ్యాటరీ ఇనుప ఫాస్ఫేటు చేస్తారు. భాస్వరం విషయంలో పోటీ ఎరువులతో. నంద్యాల రైతు వేసే డీఏపీ, బ్యాటరీ ఫాస్ఫేటు రెండూ ఒకే రాతి నుంచి వస్తాయి. ఆ రాయిని మన దేశం ఎక్కువగా దిగుమతి చేసుకుంటుంది. విశాఖపట్నంలో కోరమాండల్ సంస్థ ఎరువుల కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం చేస్తోంది. దాన్ని బ్యాటరీ స్థాయికి శుద్ధి చేయడం అదనపు మెట్టు. లిథియం కోసం కాబిల్ అనే ప్రభుత్వరంగ సంస్థ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కతమార్కా రాష్ట్రంలో ఐదు బ్లాకుల అన్వేషణకు ఒప్పందం చేసుకుంది.

పరిశ్రమ

ఎల్‌ఎఫ్‌పీ మూల పేటెంట్లు టెక్సస్ విశ్వవిద్యాలయం, హైడ్రో-క్యూబెక్ చేతుల్లో ఉండేవి. చైనా తయారీదారులు స్వదేశీ మార్కెట్టుకు రుసుము లేకుండా చేసుకునే ఏర్పాటు వల్ల అక్కడ పరిశ్రమ వేళ్లూనుకుంది. 2022 నాటికి ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరింది. అప్పటికే ప్రపంచంలోని ఎల్‌ఎఫ్‌పీ పొడి దాదాపు అంతా చైనాలోనే తయారవుతోంది. 2025 జులైలో చైనా ఈ కాథోడ్ తయారీ పరిజ్ఞానాన్ని ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది.

తెలుగు నేల మీద పెద్ద ప్రయత్నం అమరరాజాది. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో 9,500 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుని మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో సెళ్ల కర్మాగారం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో చైనాకు చెందిన గోషన్ అనుబంధ సంస్థ నుంచి ఎల్‌ఎఫ్‌పీ సెల్ పరిజ్ఞానానికి లైసెన్సు తీసుకుంది. తిరుపతిలో మునోత్ సంస్థ 270 మెగావాట్-అవర్ల సామర్థ్యంతో లిథియం సెళ్ల కర్మాగారం పెట్టింది. సెల్ కర్మాగారం వచ్చినంత మాత్రాన కాథోడ్ పొడి ఇక్కడ తయారవుతుందని కాదు. పొడి దిగుమతి చేసుకుని సెల్ చుట్టడం మొదటి మెట్టు. ఏఆర్‌సీఐ వంటి చోట్ల ఉన్న విద్య టన్నుల స్థాయికి చేరడం రెండో మెట్టు, కష్టమైనదీ అదే.

వాడి పడేసిన తరవాత

కోబాల్టు, నికెల్ లేకపోవడం ఎల్‌ఎఫ్‌పీని చవక చేసింది. అదే కారణంగా పాత సెల్ విప్పి ఇనుము, భాస్వరం తీసినా గిట్టుబాటు కాదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారు మీద సేకరణ బాధ్యత పెట్టాయి. పాత పొడిని కరిగించి మూలకాలుగా విడగొట్టే బదులు పొడిగానే బాగుచేయడం ఇప్పుడు ఆశాజనకమైన మార్గం. ముసలిదైన ఎల్‌ఎఫ్‌పీలో స్ఫటికం చాలావరకు చెక్కుచెదరదు. కొంత లిథియం పోయి, ఆ ఖాళీల్లోకి ఇనుము జరిగి ఉంటుంది. 2020లో శాన్ డియాగోలో జెంగ్ చెన్ బృందం, పాత పొడిని లిథియం లవణం, నిమ్మ ఉప్పుగా దొరికే సిట్రిక్ ఆమ్లం కలిసిన ద్రావణంలో 80 డిగ్రీల దగ్గర నానబెట్టింది. ఫెర్రిక్ ఇనుము తిరిగి ఫెర్రస్‌గా మారి తన చోటికి జరిగింది, ఖాళీ అయిన సొరంగంలోకి లిథియం చేరింది. కొద్దిసేపు కాల్చాక పొడి కొత్తదానితో సమానంగా పనిచేసింది.